మిరపపండు రంగు చెప్పులు

తిరుపాలమ్మ కాలిలో మేకు దిగిందని ముందుగా చూసింది ఆమె కాదు, కదిరిలో టీచరమ్మ వెంకటలక్ష్మమ్మ.

ఎనభయ్యో సంవత్సరం మాఘమాసం, పెళ్ళిళ్ళ రోజులు. తిరుపాలమ్మ ధర్మవరంలో పొద్దున్నే పాసింజరు బండెక్కి కదిరిలో దిగి, భుజాన పట్టుచీరల మూటతో మూడు వీధులు తిరిగి, మధ్యాహ్నానికి టీచరమ్మ ఇంటికి చేరింది. మొగుడు నల్లప్ప మగ్గం మీద నేసిన చీరలు, తోటి నేతగాళ్ళు నమ్మి ఇచ్చిన చీరలు ఇల్లిల్లూ తిప్పి అమ్మడం పన్నెండేళ్ళుగా ఆమె పని. కదిరి, కళ్యాణదుర్గం, గోరంట్ల, అనంతపురం, ఎక్కడికైనా బస్సు దిగాక నడకే. ముప్పై అయిదేళ్ళ మనిషి. ముడి జారనివ్వదు, కట్టిన చీర నలగనివ్వదు. అమ్మేదాని వాలకం బాగలేకపోతే చీర కూడా అట్లాగే కనిపిస్తుందని ఆమె నమ్మకం.

గడప బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చి చాప మీద కూర్చుంది. మూట విప్పి వంగపండు రంగు చీర కొంగు పరిచింది. టీచరమ్మ చీర వైపు చూడటం లేదు. గచ్చు వైపు చూస్తోంది.

“ఏంది తిరుపాలమ్మా ఇది? నెత్తురు!”

గడప దగ్గర్నుంచి చాప దాకా అడుగు విడిచి అడుగు ఎర్రగా అచ్చు పడింది. తిరుపాలమ్మ కుడి అరికాలు తిప్పి చూసుకుంది. మడమ మధ్యలో బెజ్జం, దాని చుట్టూ ఎండిన నెత్తురు, పైన తాజా నెత్తురు. లేచి బయటికి వెళ్ళి చెప్పు చూసింది. అట్టలోంచి మేకు అర అంగుళం పైకి లేచి నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో తెలియదు. స్టేషను నుంచీ దాని మీదే నడిచిందేమో.

“నొప్పి తెలీలేదా నీకు?” అని టీచరమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

“తెలిసిందిలేమ్మా. నడిచే ఆత్రంలో పట్టించుకోలేదు.”

టీచరమ్మ పాత గుడ్డపేలిక ఇచ్చింది. కట్టుకుంటున్నంత సేపూ ఆ కాలి వైపే చూసింది. ఎప్పుడూ ఒక చీరైనా తీసుకునే మనిషి ఆ రోజు, “మళ్ళీ సూద్దాంలే” అంది.

తిరుగు బండిలో ఎవరూ చూడకుండా తిరుపాలమ్మ తలలోంచి పిన్ను తీసి అరికాలికి గుచ్చి చూసుకుంది. గుచ్చినట్టు కంటికి కనిపిస్తోంది గానీ కాలికి తెలియడం లేదు. ఎడమ కాలూ అంతే. నిజానికి ఏడాదిగా ఏదో తేడాగా ఉంది. పిక్క మీద రాగి రంగు మచ్చ ఒకటి వచ్చింది, తామరేమో అనుకుంది. కళ్యాణదుర్గం రోడ్డు మీద ఒకసారి చెప్పు జారిపోతే తెలియక చాలా దూరం ఒంటి చెప్పుతో నడిచింది. వెనక వస్తున్న గొర్రెల కాపరి కేకేసి చెబితే నవ్వేసి ఊరుకుంది.

ధర్మవరంలో డాక్టరు దగ్గరికి పోలేదు. తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరని అనంతపురం పోయింది. ఊరి చివర బేస్తవారం బేస్తవారం జరిగే చర్మరోగాల క్లినిక్కులో ఆదెన్న అనే ఆరోగ్య కార్యకర్త ఆమెను కళ్ళు మూసుకోమని, దూదితోనూ పెన్ను మొనతోనూ కాళ్ళంతా తాకుతూ, “తగిలినప్పుడు చెప్పమ్మా” అన్నాడు. మోకాలి దగ్గర చెప్పింది. పిక్క దగ్గర చెప్పింది. తర్వాత చాలాసేపు ఆయన తాకడం లేదేమో అనుకుని కళ్ళు తెరిస్తే, పెన్ను అరికాలి మీదే ఉంది.

“ఇది కుష్టమ్మా” అన్నాడు ఆదెన్న. గొంతు తగ్గించలేదు, పెంచనూ లేదు. “మాత్రలు మానకుండా ఏసుకుంటే నీ నుంచి ఎవరికీ అంటదు. ఒళ్ళు బాగయితాది. అరికాళ్ళకు పోయిన స్పర్శ మాత్రం మళ్ళీ రాదు. ఈ రోగం కాలి ఏళ్ళు తినేస్తాది అనుకుంటారే, అది తప్పు. రాయి గుచ్చుకున్నా ముల్లు గుచ్చుకున్నా తెలీదు గదా, తెలీక నడుస్తారు, పుండు పడతాది, చీము ఎముకకు ఎక్కుతాది. నీ పని నడకంటివే, నీకు మందు కంటే చెప్పులు ముఖ్యం.”

మూలనున్న గోనెసంచిలోంచి ఒక జత తీసి ముందు పెట్టాడు. నల్లటి మెత్తని రబ్బరు అట్ట, కింద లారీ టైరు ముక్క, పైన రెండు వెడల్పాటి నల్ల పట్టీలు, మడమ వెనక ఇంకో పట్టీ. వాటిని తిరుపాలమ్మ ఇంతకు ముందు చూసింది. బస్టాండులో అడుక్కునేవాళ్ళ కాళ్ళకు చూసింది. బస్సులో ఒకతను ఆ చెప్పులతో ఎక్కితే పక్కన కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెనక్కి పోవడం చూసింది. ఆ లేచినవాళ్ళలో తానూ ఉంది.

“సారూ, ఇవి ఏసుకోని నేను ఒకరింట్లోకి ఎట్ల పోదును?”

“ఏసుకోకపోతే రెండేండ్లలో యాడికీ పోలేవు” అన్నాడు ఆదెన్న.

చెప్పులు చీరల మూట అడుగున దాచి ఇంటికి తెచ్చింది. నల్లప్పకు చెప్పక తప్పలేదు. మగ్గం గుంటలో కూర్చుని ఉన్న మనిషి విని నేత ఆపాడు. తర్వాత గుంటలోంచి పైకి వచ్చి, ఆమె కాలు తన ఒళ్ళోకి తీసుకుని మడమ గాయం చూశాడు. ఆమెకు ఏడుపు వచ్చింది. ఆయన కళ్ళలో కూడా నీళ్ళున్నాయి. అయినా ఆయన అన్న మాట వేరే.

“ఆ చెప్పులు మాత్రం వీధిలో ఏసుకోవద్దు. ఇది పక్కింటికి తెలిస్తే మన చీర ముట్టేవాళ్ళుండరు. మగ్గం నిలిచిపోతాది.”

ఆ మాట ఆమె మనసులో ఉన్నదే. అందుకే ఎదురు చెప్పలేదు.

ఆ తర్వాత బేస్తవారం అనంతపురంలో క్లినిక్కు అయ్యాక బజారులో చెప్పుల అంగళ్ళు తిరిగింది. మడమ ఎత్తు ఉండకూడదు, అట్ట మెత్తగా ఉండాలి, మేకులు ఉండకూడదు, వెనక పట్టీ ఉండాలి, అని ఆదెన్న చెప్పింది మనసులో అప్పజెప్పుకుంటూ వెతికింది. అదే సమయంలో పెద్దింటి ఆడవాళ్ళ గడప ముందు విడిస్తే చిన్నతనంగా ఉండకూడదు, అన్నది ఆమె సొంతంగా కలుపుకున్న షరతు. మూడో అంగట్లో లేత గోధుమ రంగు జత ఒకటి కనిపించింది. సన్నటి పట్టీలు, పక్కన చిన్న ఇత్తడి బకిలు. కుర్చీలో కూర్చోబెట్టి అంగడి సేటు తానే తొడిగాడు.

“నాలుగడుగులు ఏసి చూడమ్మా. సరిపోయిందా? యాడైనా నొక్కుతాందా?”

తిరుపాలమ్మ నాలుగడుగులు వేసింది. పట్టీ వేలిని నొక్కుతోందో లేదో, అట్ట మెత్తగా ఉందో గట్టిగా ఉందో ఆమెకు ఎట్లా తెలుస్తుంది? అంగడి అద్దంలో కాళ్ళు బాగానే కనిపిస్తున్నాయి. సేటు ముఖం చూసింది, ఆయన ఆమె ముఖం చూస్తున్నాడు. పక్కన ఇంకో ఆడమనిషి చెప్పులు తొడుక్కుని, “అబ్బ, బొటనవేలు కరుస్తాంది, ఇంకో సైజు ఇయ్యి” అని విసుక్కుంటోంది. ఆ విసుగు చూస్తే తిరుపాలమ్మకు అసూయ కలిగింది.

“ఇంకొంచెం బిగువుగా ఉండేటివి ఉండాయా?” అని అడిగింది. బిగువుగా ఉంటే కొంచెమైనా తెలుస్తుందని ఆశ. సేటు ఒక నెంబరు తగ్గించి ఇచ్చాడు. అప్పుడు కాలి చుట్టూ ఏదో ఉన్నట్టు లీలగా అనిపించింది. అదే సరైన కొలత అనుకుని కొనుక్కుంది.

వాటితో పది రోజులు నడిచింది. అందరూ బాగున్నాయన్నారు. పదకొండో రోజు సాయంత్రం నల్లప్ప ఆమె కాళ్ళు చూస్తూ, “ఏమే, ఇదేంది?” అన్నాడు. కుడికాలి బొటనవేలి కింద బొబ్బ పగిలి, లోపల ఉసిరికాయంత గుంట పడింది. వాసన కూడా వస్తోంది.

ఆదెన్న ఆ బేస్తవారం కేకలేశాడు. “చూపు ఉండాదిగా నీకు? కాలు చెప్పకపోతే కన్నుతో చూసుకోవాల గదా!” చచ్చిన చర్మం కోసి, కట్టు కట్టి, నెలన్నర నడక మానేయమన్నాడు. వీధిలో వాళ్ళకు కాలు బెణికిందని చెప్పి తిరుపాలమ్మ ఇంట్లో కూర్చుంది. పెళ్ళిళ్ళ రోజులు గడిచిపోయాయి. ఎండలు ముదిరాయి. నేసిన చీరలు పెట్టెలోనే మడతల మీద ఉన్నాయి. నల్లప్ప రోజూ సాయంత్రం కట్టు విప్పి చూసి, మళ్ళీ కట్టేవాడు.

పుండు మానాక ఆదెన్నే అన్నాడు, “నువ్వు ఆ నల్లవి ఏసుకోవని నాకు తెలుసు. ఎనకాల షెడ్డులో ఓబన్న ఉంటాడు, పోయి అడుగు. చేసేది ఆయనే.”

ఓబన్న అరవై ఏళ్ళవాడు. ఒకప్పటి రోగే. చేతివేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. తోలు కుట్టే ఆరెకు గుడ్డ చుట్టి లావు చేసుకుని, దాన్ని అరచేతిలో ఇరికించుకుని తోలు గుచ్చుతాడు. తిరుపాలమ్మ ఎదురుగా కూర్చుని చెప్పింది, మొహమాటం లేకుండా.

“అన్నా, ఆ రబ్బరే పెట్టు. ఆ మెత్తదనమే ఉండాల. కానీ చూసినోళ్ళకు రబ్బరు అగుపడకూడదు. ఆడోళ్ళు అంగట్లో ఏరుకోని ఏసుకునే మాదిరి ఉండాల.”

ఓబన్న ఆమెను కిందా మీదా చూశాడు. “ఇరవై ఏండ్లుగా కుడతాండా ఈడ. ఇట్లుండాలని అడిగినోళ్ళు ఒగరూ లేరు. వద్దని పారేసినోళ్ళే అందరూ. చెప్పు, ఎట్లుండాల?”

ఆమె కాగితం మీద గీసింది. రబ్బరు అట్ట అంచుల చుట్టూ పలచని తోలు మడిచి కుట్టాలి, అప్పుడు రబ్బరు కనపడదు. పట్టీలు వెడల్పుగానే ఉండాలి, కానీ మధ్యలో చీలిక ఇస్తే సన్నంగా ఉన్నట్టు కనిపిస్తుంది. రంగు మిరపపండు రంగు. పట్టీ అంచున పసుపు దారంతో చీర అంచుకు వేసినట్టు చిన్న చిన్న మొగ్గలు. ఓబన్న ఆ కాగితం అటూ ఇటూ తిప్పి, “నీ బొమ్మ సరే, కొలతకు కాలు పెట్టు” అని ఆమె పాదం కాగితం మీద ఉంచి పెన్సిలుతో చుట్టూ గీశాడు.

మూడు బేస్తవారాలు పట్టింది. తొడిగి లేచి నిలబడితే ఓబన్న నేలకు ముఖం ఆనించినంత పనిచేసి నాలుగు వైపుల నుంచీ చూశాడు. “బాగుండాయి” అని తనకు తానే చెప్పుకున్నాడు. ఆయన అంతగా సంతోషపడటం చూసి ఆదెన్న కూడా గదిలోంచి వచ్చి చూసిపోయాడు.

ఆ చెప్పులతో తిరుపాలమ్మ శ్రావణమాసమంతా నడిచింది. వానలు లేవు. దారులన్నీ కాలిన పెనంలా ఉన్నాయి. శెనక్కాయ చేలు మొలకల్లోనే వాడిపోయాయి. అమ్మకాలు తగ్గాయి, కాబట్టి ఒక చీర అమ్మడానికి రెండు వీధులు ఎక్కువ తిరగాల్సి వచ్చింది. సాయంత్రం నల్లప్ప చూస్తే అరికాళ్ళు శుభ్రంగా ఉండేవి. కళ్యాణదుర్గంలో ఒక ఆఫీసరు భార్య గడప దగ్గరే ఆపి, “ఎంత బాగుండాయి తిరుపాలమ్మా, యాడ కొన్నావు?” అంది. “బెంగుళూరులో” అంది తిరుపాలమ్మ తడుముకోకుండా. చాలా రోజుల తర్వాత ఆ రోజు ఆమె వీధిలో తలెత్తుకుని నడిచింది.

భాద్రపదంలో ఒక బేస్తవారం మాత్రల కోసం వరుసలో కూర్చుని ఉంటే పక్కన ఒక మనిషి వచ్చి కూర్చుంది. మారెక్క, వరుసలో ముఖ పరిచయం ఉన్నదే. కళ్యాణదుర్గం దగ్గర పల్లె, గొర్రెలు కాసుకునే మనిషి. యాభై దాటి ఉంటాయి. కాళ్ళకు అరిగిన టైరు చెప్పులు. కుడి పాదానికి మురికి కట్టు. ఆమె చూపంతా తిరుపాలమ్మ కాళ్ళ మీదే ఉంది.

“అమ్మయ్యా, ఈ మెట్లు యాడ కొంటివి?” అని అడిగింది. ఆ వైపు చెప్పుల్ని మెట్లంటారు.

“బెంగుళూరులో.”

మారెక్క వంగి బొటనవేలితో అట్ట నొక్కి చూసింది. “ఈడిచ్చే రబ్బరు మాదిరే మెత్తగుండాదే!”

“బెంగుళూరులో ఇట్లాంటివి శానా దొరుకుతాయి మారెక్కా.”

“నాకు మూడు జతలిచ్చినారు ఈడ. ఆ నల్లవి చూసి మా ఊర్లో తొట్టి దగ్గర నా గొర్రెలకు నీళ్ళు తాగనీలేదు. చూరులో దోపినా. ఇప్పుడు కరువు గదా, మేపుకు శానా దూరం పోవాల. అంతా తుమ్మముళ్ళు.” మారెక్క ఇంకోసారి చెప్పుల వైపు చూసింది. “ఇట్లాంటివి ఏసుకుంటే ఎవురికి తెలుస్తాది? కానీ బెంగుళూరుకు నేనెట్ల పోతా.”

తిరుపాలమ్మ చీర కుచ్చిళ్ళు చెప్పుల మీదికి లాక్కుంది. మాత్రలు తీసుకుని లేచిపోయింది.

మారెక్క అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. ఆ మధ్యాహ్నమే షెడ్డుకు పోయి ఓబన్నను అడిగింది. మరుసటి బేస్తవారం ఓబన్న ఆ మాట తిరుపాలమ్మతో సంబరంగా చెప్పాడు.

“నీ మాదిరి జత కుట్టమంది. ఇంకో ఇద్దరు గూడా అడిగినారు. తోలు తెప్పిస్తాండా.”

తిరుపాలమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “వద్దన్నా.”

“ఏమి?”

“పదిమంది ఇవే ఏసుకుంటే ఇంక దీనికీ ఆ నల్లదానికీ తేడా ఏముండాది? రేపు కళ్యాణదుర్గంలో మారెక్క కాళ్ళకు ఇవే చూస్తారు. ఆమె రోగం ఆ ఊరికంతా తెలుసు. ఎల్లుండి నేను అదే ఊర్లో ఇవే ఏసుకోని పోతా. ఎవరు నన్ను గడప దాటనిస్తారు? నా బతుకు వీధిలో ఉండాదన్నా.”

“ఆమె బతుకు యాడుండాది?” అన్నాడు ఓబన్న. ఆరె కింద పెట్టాడు. “నువ్వొక్కదానివే మనిషివా?”

ఆమె ఏడ్చింది. ఆయన ముడుచుకున్న చేతులు పట్టుకుంది. ఒక్క ఏడాది ఆగమంది, మగ్గం నిలదొక్కుకునేదాకా ఆగమంది. ఓబన్న చేతులు విడిపించుకున్నాడు. చివరకు, “సరే, పో” అన్నాడు. మారెక్క వస్తే ఆ తోలు దొరకడం లేదని చెప్పాడు. మళ్ళీ బేస్తవారం వచ్చినప్పుడూ అదే చెప్పాడు. ఆ తర్వాత మారెక్క రాలేదు.

తిరుపాలమ్మ ఆ సంగతి మరిచిపోయిందని చెప్పలేం. కళ్యాణదుర్గం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఎండలో గొర్రెల మంద కనిపిస్తే తల తిప్పుకునేది. అట్లా మార్గశిరం వచ్చింది.

ఒక బేస్తవారం ఆదెన్న ఆమె కార్డులో రాసుకుంటూ, ఎవరితోనో అన్నట్టు చెప్పాడు. “మారెక్కని, గొర్రెలు కాసే ఆమె, నీకు తెలిసే ఉంటాది. కుడికాలు ముందు భాగం తీసేసినారు పోయిన వారం. తుమ్మముల్లు లోపలే ఇరిగింది, తెలీక దాని మీదే తిరిగింది ఎన్ని రోజులో. ఎముకకు ఎక్కింది. మూడు జతలిచ్చినా ఆమెకు. ఒగటీ ఏసుకోలేదు. చెప్తే ఇంటారా ఎవరైనా?”

తిరుపాలమ్మ కార్డు తీసుకోకుండానే లేచింది. షెడ్డులో ఓబన్న పని చేయడం లేదు. ఊరికే కూర్చుని ఉన్నాడు.

“తెలిసిందా?” అన్నాడు.

“తెలిసింది.”

“నిన్నొక్కదాన్నే అనలేను. నువ్వు చెప్తివి, నేను వింటిని. తోలు ఈడే ఉండె, ఈ పెట్టెలో.”

అదే మధ్యాహ్నం తిరుపాలమ్మ మారెక్క ఉన్న ఆసుపత్రికి పోయింది. పొడుగాటి రేకుల వార్డు. మారెక్క చివరి మంచం మీద, కాలు దిండు మీద ఎత్తిపెట్టుకుని పడుకుని ఉంది. కట్టు పాదం సగం దగ్గరే ఆగిపోయింది. తిరుపాలమ్మ తెచ్చిన పండ్లు మంచం పక్కన పెట్టింది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నిలబడే చెప్పేసింది.

“మారెక్కా, ఈ చెప్పులు బెంగుళూరువి కాదు. ఓబన్న కుట్టినవే. నీకు కుట్టొద్దని చెప్పింది నేనే.”

మారెక్క ఆమె కాళ్ళ వైపు చూసింది. తర్వాత ముఖం వైపు చూసింది.

“తోలు లేదనె ఆయన.”

“ఉండె. నేనే లేదని చెప్పిచ్చినా.”

పక్క మంచాల్లో వాళ్ళు మాటలు ఆపేశారు. మారెక్క పైకప్పు వైపు తిరిగింది. “నా గొర్రెల్ని ఇంగ ఎవురు తోలుకపోతారు?” అంది, జవాబు కోసం కాదన్నట్టు. తిరుపాలమ్మ పండ్లు ఆమెకు అందేలా జరిపింది. అక్కడే నిలబడింది.

“ఆ పండ్లు తీసుకోని పో” అంది మారెక్క.

రెండు రోజులు తిరుపాలమ్మ చీరల మూట ముట్టలేదు. నల్లప్ప అడిగితే జరిగినదంతా చెప్పింది. ఆయన విని, “నేనైనా అట్లే చెప్పుందును” అన్నాడు. ఓదార్పుగా అన్న మాటే. కానీ అది విన్నాక ఆమెకు ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. మూడో రోజు బేస్తవారం కాకపోయినా అనంతపురం బస్సెక్కి ఓబన్న ముందు కూర్చుంది.

“అన్నా, అడిగినోళ్ళందరికీ కుట్టు.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. కానీ ఒగరి మాదిరి ఇంకొగరికి కుట్టొద్దు. నేను ఒగ వీధిలో ఒకే అంచు చీర ఇద్దరికి అమ్మను. అమ్మితే ఇద్దరికీ కోపమే. ఒక్కొక్కరికీ ఒక్కొక్క రంగు, ఒక్కొక్క తీరు పట్టీ. అప్పుడు ఇది రోగమున్నోళ్ళ చెప్పు అని ఎవరూ గుర్తు పట్టలేరు.”

“నా చేతులు చూసినావా? ఒక్కొక్క జత ఒక్కో రకమంటే ఎన్ని నెలలు పడతాది?”

“నేనొచ్చి కూర్చుంటా. కొలతలు గీస్తా, తోలు కోస్తా. రంగులు నాకు తెలుసు.”

అట్లా ప్రతి బేస్తవారం ఆమె షెడ్డు మెట్టు మీద కూర్చోవడం మొదలైంది. తోలు తానే తెచ్చేది. వరుసలో ఉన్న ఆడవాళ్ళను పిలిచి, చీరలు చూపించేటప్పుడు అడిగినట్టే, “నీకేం రంగు ఇష్టం? పట్టీ అడ్డంగానా, ఏటవాలుగానా?” అని అడిగేది. మొదట్లో వాళ్ళు బిత్తరపోయేవాళ్ళు. కొందరికి ఆ ప్రశ్న జీవితంలో ఎవరూ వేయలేదు. కూలిపని చేసే ఒక ముసలామె చాలాసేపు ఆలోచించి, “చిలకపచ్చ ఉంటాదా?” అంది సిగ్గుపడుతూ. మగవాళ్ళు కూడా వచ్చి, బకిలు పెట్టమని అడగడం మొదలుపెట్టారు. ఓబన్న సణుగుతూనే కుట్టేవాడు.

క్లినిక్కు వాకిట్లో వారం వారం కూర్చునే మనిషిని ఎవరో ఒకరు చూడకుండా ఉండరు. ధర్మవరం మనిషి ఒకతను చూశాడు. నెల తిరిగేలోగా వీధంతా తెలిసింది. తోటి నేతగాళ్ళు తమ చీరలు వెనక్కి తీసుకున్నారు. ఒక్కొక్కరూ ఒక్కొక్క సాకు చెప్పారు, ఎవరూ రోగం పేరెత్తలేదు. కళ్యాణదుర్గం ఆఫీసరు భార్య పనిమనిషితో ఇంట్లో లేనని చెప్పించింది. కదిరి టీచరమ్మ మాత్రం లోపలికి పిలిచి, చాప వేసి, కాఫీ ఇచ్చింది. “ఆ రోజే అనుకున్నా. అడగలేకపోయినా” అంది. చీర ఒకటి తీసుకుంది గానీ దాన్ని మడత విప్పకుండా పక్కన పెట్టింది.

నల్లప్ప ఆమెతో నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు తన చీరలు తానే మూట కట్టుకుని వ్యాపారి దగ్గరికి పోయాడు. వచ్చిన ధరకు ఇచ్చి వచ్చాడు. “చెప్పులు కుట్టేదానికి నీ బతుకంతా బయట పెట్టుకుంటివి” అన్నాడు. కోపంగానే అన్నాడు. సాయంత్రం మాత్రం ఎప్పటిలాగే దీపం వెలిగించకముందే, వెలుతురు ఉండగానే, ఆమె కాళ్ళు చూడటానికి కూర్చున్నాడు. ఆమె కాలు చాపింది. కాళ్ళలో గాయం లేదు. ఇంట్లో నవ్వు కూడా లేదు.

ఉగాది దాటాక ఒక బేస్తవారం మారెక్క వచ్చింది. చంకలో కర్ర, కుడికాలికి గుడ్డ చుట్టుకుని ఉంది. గొర్రెల్ని సగం అమ్మేసిందని, మిగిలిన సగం అన్న కొడుకు కాస్తున్నాడని ఆదెన్న చెప్పగా తిరుపాలమ్మ అప్పటికే విని ఉంది. మారెక్క మెట్టు మీదున్న తిరుపాలమ్మను దాటుకుని పోయి ఓబన్న ఎదురుగా కూర్చుంది.

“కొలత నేను తీయడం లేదు ఇప్పుడు” అన్నాడు ఓబన్న. “ఆమె తీస్తాది.”

మారెక్క కర్ర గోడకు ఆనించింది. తర్వాత గుడ్డ విప్పి కాలు ముందుకు చాపింది. తిరుపాలమ్మ కాగితం పరిచి ఆ పాదాన్ని రెండు చేతులతో ఎత్తి దాని మీద ఉంచింది. మానిన కుట్లు గట్టిగా, మెరుస్తూ ఉన్నాయి. పెన్సిలు మడమ చుట్టూ తిరిగి, పక్కగా పైకి వచ్చి, వేళ్ళుండాల్సిన చోటికి రాకముందే అడ్డం తిరిగిపోయింది. గీత వంకర పోయింది. కాగితం మార్చి మళ్ళీ గీసింది.

“ఏం రంగు కావాల మారెక్కా?”

మారెక్క ఓబన్న వైపే చూస్తూ చెప్పింది. “నీలం. ముందర మూసేసి ఉండాల. కాలి ఏళ్ళు లేనిది అగుపడకూడదు. ముందర మెత్తగా ఏదైనా కుక్కి పెట్టమను.”

“దూది కుక్కుతా” అంది తిరుపాలమ్మ. “గట్టిపడితే రా, మారుస్తా.”

రెండు వారాలకు జత తయారయింది. ముదురు నీలం, తెల్ల దారం కుట్టు. మారెక్క తొడుక్కుంది. కర్ర పట్టుకుని వాకిలి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. అందరూ చూస్తున్నారు. ఆదెన్న గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆమె మళ్ళీ వెనక్కి నడిచి వచ్చి ఓబన్నతో, “కుంటు తక్కువగా అగుపడతాంది గదా?” అంది.

“తక్కువే” అన్నాడు ఓబన్న.

మారెక్క తిరుపాలమ్మ వైపు చూడకుండానే గుడ్డ మడిచి కొంగున దోపుకుని, కర్ర సర్దుకుని గేటు దాటి బస్టాండు వైపు పోయింది. తిరుపాలమ్మ ఆమె మలుపు తిరిగేదాకా చూసింది. వరుసలో తర్వాతి ఆమె అప్పటికే మెట్టు కింద కూర్చుని కాలు చాపి ఉంది. తిరుపాలమ్మ కొత్త కాగితం తీసుకుని, పెన్సిలు మొన చూసుకుని, “ఏ ఊరమ్మా?” అని అడిగింది.